సంక్రాంతి సంబరాల్లో కింగ్ గురించి అయిదు నిమిషాలు: కమిటీ కాదనడం తప్పా?

పెన్నాతీరం
అమెరికాలో మేముండే ఊరి తెలుగు సంఘం ప్రతి ఏడాదీ సంక్రాంతిని జనవరి మూడో సోమవారం కలిసొచ్చే వారాంతంలో చేస్తుంది. ఆ సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ జయంతి సెలవు కాబట్టి దూరం నుంచి వచ్చేవాళ్లకు వీలు. ఈసారి ఇక్కడే పుట్టి పెరిగిన ఒక కాలేజీ అమ్మాయి, భోగిపళ్లకూ పిల్లల నాటికకూ మధ్య అయిదు నిమిషాలు ఇస్తే కింగ్ గురించి మాట్లాడతానని అడిగింది. కమిటీ వద్దంది. "పండుగలో రాజకీయాలు ఎందుకమ్మా" అన్నారు. అమ్మాయి అలిగి వెళ్లిపోయింది, వాళ్ల నాన్న వాట్సాప్ గ్రూపులో అందరినీ కడిగేశారు, ఇప్పుడు సంఘం రెండు ముక్కలు.

నాకు కమిటీ చేసింది పెద్ద తప్పుగా కనిపించడం లేదు. కింగ్ గొప్పవాడే, ఎవరు కాదన్నారు? కానీ ఆయన పోరాటం ఇక్కడి నల్లజాతివాళ్ల కోసం, అదీ 1950, 60లలో. మనం మన చదువుతో, ఉద్యోగాలకు వచ్చాం. మన పండుగకూ ఆయనకూ సంబంధం ఏమిటో ఎవరైనా చెప్పండి. వెటకారం కాదు, నిజంగానే అడుగుతున్నాను.

గొబ్బెమ్మ
ఆయన పుట్టింది జనవరి 15న. పండుగ పూట పుట్టినవాడిని గుమ్మం బయట నిలబెడతారా?

రెండో_షిఫ్టు
అమ్మాయికి అయిదు నిమిషాలు లేవు, సరే. స్థలాలు అమ్ముకునే స్పాన్సరుకు ఎంతసేపు ఇచ్చారు?

పెన్నాతీరం
ఇరవై నిమిషాలు. దాన్ని ఇందులోకి లాగకండి, హాలు అద్దె ఆయనే కట్టారు.

అట్లాంటా_ఓరుగల్లు
"మన చదువుతో వచ్చాం" అన్నారు చూడండి, అక్కడ కాసేపు ఆగుదాం. 1920లలో మనవాళ్లకు చదువు లేదా? భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారికంటే చదువుకున్నవాళ్లం ఈ వేదిక మీద ఎవరమైనా ఉన్నామా? ఆయన ఇక్కడ పరిశోధనలు చేసిన ఏళ్లలో ఎక్కువ భాగం భారతీయుడికి ఈ దేశ పౌరసత్వం అడిగే అర్హతే లేదు. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో, భారతీయులు తెల్లవాళ్ల లెక్కలోకి రారని, అందుకే పౌరులు కాలేరని సుప్రీంకోర్టు తేల్చింది. అప్పటికే పౌరులైనవాళ్లలో పలువురి దగ్గర వెనక్కి లాక్కున్నారు కూడా. 1946లో తలుపు కాస్త తెరిచారు. ఏడాదికి వంద మంది. ఊరికి కాదు, దేశం మొత్తానికి. రెండేళ్లకే, 1948లో, సుబ్బారావు గారు పోయారు.

ఇది మారింది 1965 అక్టోబరు 3న. లిబర్టీ విగ్రహం దగ్గర బల్ల వేసుకుని అధ్యక్షుడు జాన్సన్ కొత్త వలస చట్టం మీద సంతకం చేశాడు. దానికి రెండు నెలల ముందు ఓటు హక్కు చట్టం, ఆ ముందు ఏడాది పౌరహక్కుల చట్టం. ఈ మూడింటినీ విడదీసి చూడలేం. రంగు చూసి ఓటు కాదనడం తప్పని ఒప్పుకున్న సభ, పుట్టిన ఖండం చూసి వీసా కాదనడాన్ని ఎంతకాలం సమర్థించుకోగలదు?

నేను ఉండేది అట్లాంటాలో. ఆబర్న్ అవెన్యూలో ఆయన పుట్టిన ఇల్లు, తండ్రీ కొడుకులు బోధించిన ఎబనేజర్ చర్చి, సమాధి, అన్నీ నడిచిపోయే దూరంలో ఉంటాయి. అక్కడే గాంధీ విగ్రహం కూడా ఉంది. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే మనం చూపించేది మాత్రం చేపల అక్వేరియం, కోకాకోలా ప్రదర్శనశాల.

లెక్కలమాస్టారు
ఓరుగల్లు గారి తేదీలన్నీ సరే. దండ ఎవరి మెడలో వేస్తున్నామో చూసుకుని వేద్దాం. వలస చట్టం తెచ్చినవాళ్లు ఇమాన్యుయేల్ సెల్లర్, ఫిలిప్ హార్ట్. 1924లో పుట్టిన దేశాన్ని బట్టి పాత వలస కోటాలు పెట్టినప్పుడే సెల్లర్ వాటిని వ్యతిరేకించాడు, నలభై ఏళ్లు వదలకుండా పోరాడాడు. మరోపక్క రష్యాతో ప్రచ్ఛన్న యుద్ధం. కొత్తగా స్వతంత్రమైన ఆసియా, ఆఫ్రికా దేశాల ముందు అమెరికా పరువు పోతోంది. ఇంకో సంగతి: ఆ చట్టంలో బంధువులకు పెద్దపీట వేయడానికి కారణం మన మీద ప్రేమ కాదు. ఇక్కడున్నది యూరప్ సంతతి కాబట్టి వాళ్ల చుట్టాలే వస్తారని కొందరి ధీమా. ఆ ధీమా తలకిందులై మనం వచ్చాం. దీన్ని తెచ్చి కింగ్ ఖాతాలో జమ చేస్తే అది చరిత్ర అనిపించుకోదు, భక్తి అనిపించుకుంటుంది.

క్యూలో_ఉన్నాను
ఆ చట్టాన్ని మరీ పొగడకండి. దేశానికి ఇంతమందే అనే గీత అందులోనూ ఉంది, మనలాంటి దేశాలకు తలా 20,000. గ్రీన్ కార్డుల్లో ఏ దేశానికీ ఏడు శాతం మించకూడదని ఇప్పుడు మా మెడకు చుట్టుకున్న గీత దాని సంతానమే. నా గ్రీన్ కార్డు వచ్చేసరికి మా అబ్బాయి రిటైరవుతాడు.

అట్లాంటా_ఓరుగల్లు
మాస్టారూ, చట్టం ఆయన రాశాడని నేను అనలేదు. సెల్లర్ నలభై ఏళ్లు పోరాడాడని మీరే రాశారు. మరి నలభై ఏళ్లూ జరగనిది 1965లోనే ఎందుకు జరిగింది? అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో పిల్లల మీదికి కుక్కలను వదిలిన దృశ్యాలు, సెల్మా వంతెన దగ్గర ఓటు హక్కు అడిగినవాళ్ల మీద లాఠీలు టీవీలో దేశమంతా చూసింది కాబట్టి. గాలి మారింది. గాలికి సంతకం ఉండదు.

డాక్టర్_తాత
నేను గుంటూరులో ఎంబీబీఎస్ చదివి 1972లో అలబామాలో ఒక చిన్న ఊరి ఆసుపత్రికి వచ్చాను. కాగితం మీది చట్టం సంగతి మీరిద్దరూ తేల్చుకోండి, నేలమీద చూసింది నేను చెబుతాను.

ఆ ఆసుపత్రికి వెనక వైపు ఇంకో ద్వారం ఉండేది, ఇటుకలతో మూసేశారు. నల్లజాతి రోగులు ఒకప్పుడు అటునుంచి రావాలి, వాళ్ల వార్డు బాయిలరు గది పక్కన. 1966లో వృద్ధులకు ప్రభుత్వ ఆరోగ్య బీమా, మెడికేర్, మొదలైనప్పుడు ప్రభుత్వం ఒక్కటే మాట చెప్పింది: 1964 చట్టం ప్రకారం వార్డులు కలిపితేనే డబ్బు. తరాల తరబడి కలవనివి కొన్ని నెలల్లో కలిసిపోయాయి, వేల ఆసుపత్రుల్లో. నీతికి కరగని గోడ డబ్బుకు కరిగింది అనుకోండి. కానీ ఆ షరతు చట్టంలోకి ఎక్కించింది వీధుల్లో దెబ్బలు తిన్నవాళ్లు. పల్లెటూళ్ల ఆసుపత్రుల్లో డాక్టర్ల కొరత ఉండి మాలాంటివాళ్లను పిలిచారు. నా మొదటి రోగుల్లో సగం మంది వెనక ద్వారం నుంచి వచ్చిన అనుభవం ఉన్నవాళ్లే.

ఇక ఇల్లు. ఫోనులో ఖాళీ ఉందన్న ఇల్లు నా ముఖం చూడగానే నిండిపోయేది. మా ల్యాబులో పనిచేసే నల్లజాతి ఆయన ఒకరు, "1968 గృహవసతి చట్టం పేరు రాసి బ్రోకరుకు ఒక ఉత్తరం పంపండి డాక్టరుగారూ" అన్నారు. రాశాను. ఇల్లు మళ్లీ ఖాళీ అయింది. ఆ చట్టం ఎప్పుడు వచ్చిందో తెలుసా? అంతకుముందు రెండేళ్లు కాంగ్రెసులో ముందుకూ వెనక్కూ ఊగింది. ఇళ్ల విషయంలో వివక్షకు వ్యతిరేకంగా 1966లో షికాగోలో ఊరేగింపు తీస్తే కింగ్‌కు రాయి తగిలి కూలబడ్డారు. 1968 ఏప్రిల్ 4న మెంఫిస్‌లో ఆయనను కాల్చి చంపారు. ఏప్రిల్ 11న చట్టం మీద సంతకం అయింది. మీరందరూ బడి రేటింగు చూసుకుని ఇళ్లు కొంటున్నారే, ఆ సంతకం కింద కొంటున్నారు.

అనకాపల్లి_బెల్లం
పెన్నాతీరం గారూ, ఉన్నారా? తాతగారి పోస్టు చదివారా?

పెన్నాతీరం
చదివాను. తాతగారి అనుభవానికి నమస్కారం. అయినా అది అమెరికా చరిత్ర. దాని స్థానం బడిలో ఉంది, పిల్లలు అక్కడ చదువుతూనే ఉన్నారు. భోగిపళ్ల వేదిక మీద మళ్లీ ఎందుకు?

మూడో_వరస
బడిలో ఏమి చదువుతున్నారో మా వాడిని అడిగాను. "ఆయనకు ఒక కల వచ్చింది, అందరూ మంచివాళ్లయిపోయారు" అన్నాడు. ఏడో తరగతి.

పాత_పత్రిక
మూడో_వరస గారి అబ్బాయి తప్పేమీ లేదు. పెద్దలకు కూడా అంతే తెలుసు. 1963 ఆగస్టు 28న వాషింగ్టన్ సభలో ఆయన చేసిన ఆ "కల" ప్రసంగంలోంచి ఒక వాక్యం, కింద పువ్వు బొమ్మ, జనవరిలో ఫార్వర్డ్.

బతికుండగా ఆయనను ఈ దేశం ఎలా చూసిందో గుర్తు చేస్తాను. 1966 గాలప్ సర్వేలో 63 శాతం మంది ఆయన పట్ల వ్యతిరేకంగా ఉన్నారు. నోబెల్ శాంతి బహుమతి వచ్చి అప్పటికి రెండేళ్లు. 1967 ఏప్రిల్ 4న న్యూయార్క్ రివర్‌సైడ్ చర్చిలో వియత్నాం యుద్ధాన్ని తప్పుబట్టగానే, నిన్నటిదాకా మెచ్చుకున్న పెద్ద పత్రికలు కూడా విరుచుకుపడ్డాయి. నల్లజాతి నాయకుల్లోనే కొందరు దూరం జరిగారు. ఎఫ్‌బీఐ ఫోన్లు వినడమే కాకుండా, చచ్చిపొమ్మని సూచించే ఆకాశరామన్న ఉత్తరం పంపింది. అలా చూసిన మనిషి పేర సెలవు ఊరికే వచ్చిందా? హత్య జరిగిన నాలుగో రోజున జాన్ కాన్యర్స్ బిల్లు పెడితే 1983లో రేగన్ సంతకం చేశాడు, 1986లో మొదటి సెలవు. ఆరిజోనా ఒప్పుకోకపోతే 1993 ఫుట్‌బాల్ ఫైనల్ పోటీని అక్కడి నుంచి ఎత్తేశారు. అన్ని రాష్ట్రాలూ దారికి వచ్చేసరికి 2000. ఇప్పటికీ అలబామా, మిసిసిపీల్లో అదే సోమవారం, బానిసత్వం నిలబెట్టడానికి యుద్ధం చేసిన పక్షం సేనాని రాబర్ట్ లీ జయంతి కూడా.

కాబట్టి "పండుగలో రాజకీయాలు వద్దు" అంటూ కింగ్ సెలవు రోజును వాడుకుంటున్నాం అంటే నాకు నవ్వొస్తోంది. ఆ సెలవే రాజకీయం.

రెండో_షిఫ్టు
తాతగారూ, పాత_పత్రిక గారూ, మీ ఇద్దరికీ కలిపి పది నిమిషాలు. అమ్మాయి అడిగింది అయిదే.

కృష్ణలంక_రాధ
ఇంతసేపూ కింగ్, కింగ్, కింగ్. వేరు సీట్లకు నిరసనగా నల్లజాతివాళ్లు బస్సులెక్కడం మానేసిన మాంట్‌గోమరీ సమ్మె 381 రోజులు నడిచిందని అందరూ రాస్తారు. ఆ సమ్మె కరపత్రాలు రాత్రికి రాత్రే వేలల్లో అచ్చు తీసింది జో ఆన్ రాబిన్సన్ అనే లెక్చరరు. కింగ్‌కు అప్పుడు 26 ఏళ్లు, ఆ ఊరికి కొత్త. రోసా పార్క్స్ కంటే తొమ్మిది నెలల ముందే, 1955 మార్చిలో, సీటు వదలనని పట్టుబట్టి అరెస్టయిన క్లాడెట్ కాల్విన్ వయసు 15. సమ్మె ముగియడానికి కారణమైన కోర్టు కేసులో ఫిర్యాదుదారుల్లో ఆ పిల్ల ఒకతి. వాషింగ్టన్ సభలో ప్రధాన ప్రసంగాల్లో ఒక్కటీ స్త్రీకి ఇవ్వలేదు. మీ కమిటీ కూడా అమ్మాయికి మైకు ఇవ్వలేదు కదా, ఆ విషయంలో మాత్రం చరిత్రను బాగానే పాటించారు.

గొబ్బెమ్మ
ముగ్గుల పోటీకి మైకు ఇస్తారు రాధగారూ. "ఇరవై రెండో నంబరు కారు దారికి అడ్డంగా ఉంది, తీయండి" అని చెప్పడానికి.

లెక్కలమాస్టారు
రాధగారితో ఏకీభవిస్తున్నాను. ఒక మనిషిని దేవుడిని చేస్తే మిగతా వెయ్యి మంది కనుమరుగవుతారు. బేయార్డ్ రస్టిన్ లేకపోతే వాషింగ్టన్ సభే లేదు, ఆయన పేరు ఎందరికి తెలుసు? అహింసను ఎలా ఆచరించాలో నాష్‌విల్ విద్యార్థులకు శిక్షణ ఇచ్చిన జేమ్స్ లాసన్ నాగపూర్‌లో మూడేళ్లు ఉండి వెళ్లిన మనిషి.

భాగ్యనగర్_బాటసారి
హైదరాబాదు నుంచి రాస్తున్నాను. మా తరానికి పౌరహక్కులు అనగానే గుర్తొచ్చేది కన్నబిరాన్, బాలగోపాల్. బాలగోపాల్ కాకతీయ విశ్వవిద్యాలయంలో లెక్కలు చెప్పే మనిషి, లెక్కలు వదిలి ఊళ్లు పట్టుకుని తిరిగాడు. మీ పిల్లలకు కింగ్ గురించి బడిలో పావు వంతైనా చెబుతారు, వీళ్ల గురించి మా పిల్లలకు ఎవరూ చెప్పరు.

గళ్ల_చొక్కా
ఎవరూ అనని మాట నేను అంటాను. చర్మం రంగుతో కాదు, గుణంతో తూచాలి అని కింగ్ అన్నాడా లేదా? మరి విశ్వవిద్యాలయాల సీట్లలో జాతి చూడకూడదని 2023 జూన్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఆయన మాటే కదా. మన పిల్లలు ఎక్కువ మార్కులు తెచ్చుకుని కూడా ఏళ్ల తరబడి నష్టపోయారు. ఈ సంగతి వేదిక మీద చెప్పనిస్తారా, లేక ఒక వైపు మాటలేనా?

పాత_పత్రిక
గళ్ల_చొక్కా గారూ, తీర్పు సంగతి మీ ఇష్టం, వాదించవచ్చు. కింగ్‌ను మాత్రం అటువైపు సాక్షిగా పిలవకండి, ఆయన ఎదురు సాక్ష్యం చెబుతాడు. 1959లో ఆయన భార్య కొరెట్టాతో, చరిత్రకారుడు లారెన్స్ రెడిక్‌తో కలిసి నెల రోజులు భారతదేశం తిరిగారు. నెహ్రూతో మాటల్లో అంటరానివాళ్లకు కాలేజీ సీట్లలో ఇచ్చే ప్రాధాన్యం ప్రస్తావనకు వచ్చింది. "అదీ వివక్షే కదా?" అని రెడిక్ అడిగారు. కావచ్చు, కానీ శతాబ్దాలుగా వీళ్లకు చేసిన అన్యాయానికి ఇది మేము చేసుకునే ప్రాయశ్చిత్తం అన్నట్టు నెహ్రూ జవాబిచ్చారు. కింగ్ ఈ సంభాషణను 1964లో వచ్చిన తన పుస్తకంలో రాసుకుని, అమెరికా కూడా అలాంటిదేదో చేయాలని వాదించారు. అంటే మన దేశపు రిజర్వేషన్లు ఆయన ఆలోచనలో భాగమయ్యాయి. పెన్నాతీరం గారు అడిగిన "సంబంధం" ఇదిగో, ఇటునుంచి అటు.

గళ్ల_చొక్కా
1964లో పేద తెల్లవాళ్లకు కూడా సాయం చేయాలని ఆయన రాయలేదా? అది జాతి లెక్క కాదు, పేదరికం లెక్క.

పాత_పత్రిక
రాశారు. రెండూ రాశారు. మీరు రెండోది ఒక్కటే చదువుతున్నారు.

నల్లరేగడి
నెహ్రూ దాకా వచ్చారు కాబట్టి ఇంకొంచెం దూరం వెళదాం. అదే పర్యటనలో త్రివేండ్రంలో దళిత పిల్లల బడికి తీసుకువెళితే, అక్కడి ప్రధానోపాధ్యాయుడు ఆయనను "అమెరికా నుంచి వచ్చిన సాటి అంటరానివాడు" అని పిల్లలకు పరిచయం చేశాడు. ఆ మాటకు మొదట నొచ్చుకున్నానని, తర్వాత తన దేశంలో రెండు కోట్ల మంది బతుకు తలచుకుని, అవును నేను అంటరానివాడినే అనుకున్నానని 1965 జులై 4న తన చర్చిలో కింగే చెప్పారు.

ఇప్పుడు పైన ఓరుగల్లు గారు చెప్పిన థింద్ కేసు చూడండి. ఆ కేసులో ఒక వాదన ఏమిటో ఆయన రాయలేదు: అగ్రకులస్థుడు ఆర్యుడు, కింది కులాలతో కలవడు, కాబట్టి తెల్లవాడే. ఈ దేశంలో అడుగు పెట్టడానికి మనవాళ్లు మొదట చూపించిన గుర్తింపు కార్డు కులం. కోర్టు దాన్ని మొహాన కొట్టింది. తలుపు తెరిచింది తర్వాత నలభై ఏళ్లకు నల్లవాళ్లు. తెరిచాక మనం ఏమి చేశాం? అదే కార్డు మళ్లీ జేబులో పెట్టుకుని వచ్చాం. సంఘాలు ఏ కులం వాళ్ల చేతిలో ఏది ఉందో ఇక్కడ చదివే ప్రతివాడికీ తెలుసు. నేను ఈ దేశానికి వచ్చిన మొదటి ఏడాది ఒక పండుగ భోజనాల దగ్గర "మీ ఇంటిపేరు ఏమిటి, ఏ ఊరు, ఊళ్లో ఎటువైపు" అని వరసగా అడిగారు. మూడో ప్రశ్నకు జవాబు చెప్పాక నాలుగో ప్రశ్న రాలేదు. మాటలే ఆగిపోయాయి.

2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం వివక్ష నిషేధ జాబితాలో కులాన్ని చేర్చింది. అది నిలబడింది కూడా కింగ్ తరం కట్టిన పునాది మీదే. దాన్ని వ్యతిరేకించడానికి వరసకట్టినవాళ్లలో మనవాళ్లు లేరా? పండుగలో రాజకీయాలు వద్దట. పండుగ ఎవరి చేతిలో ఉందనేది రాజకీయం కాదా?

గళ్ల_చొక్కా
మళ్లీ కులం. ఏ చర్చ మొదలుపెట్టినా చివరికి ఇక్కడికే వస్తుంది. ఇక్కడ అందరం వీసాల కోసం తిప్పలు పడుతున్నవాళ్లమే.

నల్లరేగడి
వస్తుంది, ఎందుకంటే మేము కూడా ఇక్కడే ఉన్నాం.

క్యూలో_ఉన్నాను
గళ్ల_చొక్కా గారూ, మా వీసా తిప్పలను అడ్డం పెట్టకండి. తిప్పలు నిజమే, నల్లరేగడి గారు చెప్పిందీ నిజమే. మా అపార్టుమెంటులో గది పంచుకోవడానికి ప్రకటన వేస్తే "శాకాహారులు మాత్రమే" అని ఎందుకు రాస్తారో నాకు తెలుసు, మీకూ తెలుసు.

అనకాపల్లి_బెల్లం
నేను శాకాహారిని, కేవలం వాసన పడక రాశాను స్వామీ, అన్నిటికీ ఒకే అర్థం తీయకండి.

నిర్వాహకుడు
రెండు పోస్టులు తీసేశాను, ఎవరివో వాళ్లకు తెలుసు. కులం గురించి మాట్లాడవచ్చు. కులం పేరుతో తిట్టకూడదు. తేడా తెలియనివాళ్లకు మూడు రోజుల విశ్రాంతి.

వర్జీనియా_వనజ
కాస్త వేరే మాట. మా కోడలు నల్లజాతి అమ్మాయి. మేము ఉండేది వర్జీనియా. ఈ రాష్ట్రంలోనే లవింగ్ దంపతులను జాతులు దాటి పెళ్లి చేసుకున్నందుకు అర్ధరాత్రి పడకగదిలో అరెస్టు చేశారు. 1967లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. అది కింగ్ వేసిన కేసు కాదు, మాస్టారు గారు కోప్పడతారని ముందే చెబుతున్నాను.

పెళ్లికి ముందు మా చుట్టాల్లో ఒకరు ఫోను చేసి "తెల్లమ్మాయి అయితే సర్దుకుపోయేవాళ్లం" అన్నారు. సానుభూతిగానే అన్నారు, అదే బాధ. పెళ్లిలో వియ్యపురాలు పట్టుచీర కట్టుకుని తలంబ్రాలు ఎలా పోయాలో నా దగ్గర నేర్చుకుంది. ఆవిడ తండ్రి సెల్మా నుంచి మాంట్‌గోమరీకి నడిచినవాళ్లలో ఒకరట. ఆ సంగతి మాకు చెప్పింది పెళ్లయిన చాలాకాలానికి, అదీ ఏదో మాటల మధ్య. ఆ ఫోను చేసిన చుట్టాలు ఇప్పుడు మనవరాలి ఫోటోలకు హృదయాలు పెడుతుంటారు. వాళ్లు మారారో, ఊరుకున్నారో నేను అడగలేదు.

కృష్ణలంక_రాధ
వనజగారూ, ఆ వియ్యపురాలినే పిలవండి వచ్చే సంక్రాంతికి. అయిదు నిమిషాలు కాదు, గంట.

వర్జీనియా_వనజ
ఆవిడ వస్తుంది. అరిసెలంటే ప్రాణం. ఉపన్యాసం మాత్రం ఇవ్వదు, సిగ్గు.

కమిటీలో_ఒకడిని
ఈ చర్చ లింకు మా గ్రూపులోకి వచ్చింది కాబట్టి రాస్తున్నాను. ఇందులో చిత్రిస్తున్నంత దుర్మార్గులం కాదు. ఆ రోజు కార్యక్రమం రెండు గంటలు ఆలస్యమైంది, భోజనాలు చల్లారిపోతున్నాయి, హాలు తొమ్మిదికి ఖాళీ చేయాలి. "రాజకీయాలు" అన్న మాట ఒకరు అన్నారు, అనకుండా ఉండవలసింది. కానీ ఒకరికి ఇస్తే రేపు ఇంకొకరు ఇండియా ఎన్నికల గురించి మాట్లాడతామంటారు, ఆ గొడవ ఎవరు పడతారు? ఉగాదికి సాహిత్య సభ ఉంది, అందులో ఆ అమ్మాయికి చోటిస్తామని చెప్పాం.

పాత_పత్రిక
సాహిత్య సభకు ఎంతమంది వస్తారు?

కమిటీలో_ఒకడిని
కవులు వస్తారు.

రెండో_షిఫ్టు
చదివేవాళ్లా, వినేవాళ్లా?

ఎర్రమంచిలి_ఎక్స్‌ప్రెస్
చర్చంతా చట్టాలు, సీట్లు, వీసాల చుట్టూ తిరిగింది. ఆయన ఎక్కడ చనిపోయారో తాతగారు చెప్పారు, ఎందుకు వెళ్లారో ఎవరూ రాయలేదు. 1968 ఫిబ్రవరి 1న మెంఫిస్‌లో చెత్త లారీ మీద పనిచేసే ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్ వానకు తలదాచుకోవడానికి లారీ వెనక భాగంలోకి ఎక్కారు. చెత్తను నొక్కే యంత్రం దానంతట అదే కదిలి ఇద్దరినీ నలిపేసింది. ఆ తర్వాత 1,300 మంది పారిశుధ్య కార్మికులు పని ఆపేశారు. మెడలో వేసుకున్న అట్టల మీద రాసుకున్నది జీతం లెక్క కాదు, "నేను మనిషిని" అని. కింగ్ అప్పుడు దేశంలోని పేదలందరినీ, తెల్లవాళ్లతో సహా, రాజధానికి నడిపించే ఏర్పాట్లలో తలమునకలై ఉన్నారు. దగ్గరివాళ్లు వద్దన్నా మెంఫిస్ వెళ్లారు. ఆయన పోయాక పన్నెండు రోజులకు నగరం దిగివచ్చి యూనియన్‌ను గుర్తించింది.

నేను వచ్చింది మ్యాన్‌హోళ్లలో మనుషులు దిగే ఊరి నుంచి. ఆ పనిని నిషేధిస్తూ 2013లో చట్టం ఉంది, అయినా దిగుతున్నారు, పోతున్నారు. కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో ఆ పని చేసే కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్‌కు 2016లో మెగసెసే అవార్డు వచ్చినప్పుడు మన సంఘాలు ఎన్ని శుభాకాంక్షలు చెప్పాయో వెతికి చూడండి. సినిమా నటుడి పుట్టినరోజుకు కేకు కోసిన ఫోటోలు మాత్రం దొరుకుతాయి.

నల్లరేగడి
ఎర్రమంచిలి గారూ, ఇది రాసినందుకు సంతోషం.

పెన్నాతీరం
అన్నీ చదివాను. సంబంధం లేదన్న మాట ఇక అనను, ముఖ్యంగా తాతగారి ఉత్తరం సంగతి, నెహ్రూ సంగతి విన్నాక. కానీ వేదిక విషయంలో నా మాట నాదే. పండుగకు వచ్చే ముసలివాళ్లు, పసిపిల్లలు పాఠం వినడానికి రారు. ఆ అమ్మాయి నాటిక రాస్తే వేయనివ్వవచ్చు. ఉపన్యాసం వద్దు.

లెక్కలమాస్టారు
నాటికలో కింగ్ వేషం ఎవరికి ఇస్తారు? ముఖానికి రంగు పూస్తారేమో, అది ఇంకో గొడవ. ముందే ఆలోచించుకోండి.

కృష్ణలంక_రాధ
క్లాడెట్ కాల్విన్ కథ వేయండి. పదిహేనేళ్ల పిల్ల, బస్సు సీటు, పోలీసు. రంగు పూయనక్కరలేదు, రెండు కుర్చీలు చాలు.

డాక్టర్_తాత
నాటికలు వేసుకోండి, మంచిదే. నేను ఒకటి అడుగుతాను. ఓటు హక్కు చట్టానికి ముందు మిసిసిపీలో నల్లజాతివాళ్లలో ఓటరు నమోదు 6.7 శాతం, 1967కి 59.8 శాతం. అంత మార్పు తెచ్చిన చట్టంలో ముఖ్యమైన భాగాన్ని 2013లో సుప్రీంకోర్టు పనిచేయకుండా చేసింది. ఇక్కడ పౌరులైనవాళ్లు చాలామంది ఉన్నారు. మీలో ఎందరు మొన్న స్థానిక ఎన్నికల్లో ఓటు వేశారు? అధ్యక్ష ఎన్నిక కాదు, స్కూలు బోర్డుకు.

అనకాపల్లి_బెల్లం
నేను వేయలేదు. ఎవరు నిలబడ్డారో కూడా తెలియదు.

మూడో_వరస
నేను ఇల్లు మారాను, పక్క కౌంటీ. మళ్లీ నమోదు చేసుకోవాలా?

డాక్టర్_తాత
చేసుకోవాలి. కొత్త చిరునామాతో, మీ రాష్ట్ర ఎన్నికల కార్యాలయం వెబ్‌సైటులో. గడువు రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, ముందు అది చూడండి.

క్యూలో_ఉన్నాను
నా బదులు కూడా ఎవరైనా స్కూలు బోర్డు అభ్యర్థుల పేర్లు చదవండి. పన్ను నేనూ కడుతున్నాను.